ఊపిరి కొమ్మలు, వాటి పేర్లు

ఊపిరితిత్తి అన్న మాటలో కొలిమి ఉంది. కమ్మరి పక్కన తోలుతిత్తి ఉబ్బుతూ కుంగుతూ నిప్పుకు గాలి అందిస్తుంది. రొమ్ము లోపల ఆడేదీ అలాంటి తిత్తే అనుకున్న మన పెద్దలు ఆ పేరు పెట్టారు. చేసే పనిని బట్టి చూస్తే ఆ పోలిక చక్కగా అతికింది. రూపాన్ని బట్టి చూస్తేనే చిక్కు. తిత్తి లోపల బోలు, ఊపిరితిత్తి లోపల బోలు కాదు. మాంసం కొట్టులో మేక ఊపిరితిత్తిని కోస్తుండగా చూసినవాళ్లకు ఇది తెలుసు. లోపల ఖాళీ గది ఏదీ ఉండదు. స్పాంజిలాంటి మెత్తటి ముద్ద, దాని నడుమ తెల్లగా, గట్టిగా, కొమ్మలుగా చీలుతూ పోయే గొట్టాలు కనిపిస్తాయి. తిత్తి కంటే తలకిందులుగా వేలాడదీసిన చెట్టు దానికి దగ్గరి పోలిక.

ఆ చెట్టు కొమ్మలకు మనిషి రెండువేల ఏళ్లకు పైగా పేర్లు పెడుతూనే ఉన్నాడు. ఒక్కసారి పెట్టి ఊరుకోలేదు; పెట్టాడు, మార్చాడు, తగాదా పడ్డాడు, అంకెలు వేశాడు, ఆ అంకెల మీదా తగాదా పడ్డాడు. ఈ చరిత్ర చదివేకొద్దీ నాకు ఒకటే సంగతి గట్టిపడుతూ వచ్చింది. ఊపిరి దారుల పేర్లలో ఉత్తి పాండిత్యం కోసం పుట్టినవి తక్కువ. ఎవరికో అక్కడిదాకా వెళ్లవలసిన పని పడింది. ఇరుక్కున్న గింజ తీయాలి, చీము వంచాలి, కుళ్లిన ముక్క కోయాలి. వెళ్లాలంటే దారికి పేరుండాలి. అందుకే ప్రతి పేరు మీదా దాన్ని పెట్టినవాడి అవసరం ముద్ర ఉంటుంది.

మొదటి పేరు గ్రీకులది. వాళ్లు మెడలోని గాలి గొట్టాన్నీ ధమనులనూ కూడా ‘ఆర్తీరియా’ అనే పిలిచారు. చచ్చిన జంతువును కోస్తే ధమనులు దాదాపు ఖాళీగా కనిపిస్తాయి కాబట్టి వాటిలోనూ గాలే తిరుగుతుందనుకున్నారు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు ఎరాసిస్ట్రాటస్ చెప్పిందీ అదే. రెండు రకాల గాలి గొట్టాలున్నాయి కాబట్టి వేరు చేయడానికి మెడలోని దాన్ని ‘గరుకు గొట్టం’ అన్నారు. గొంతు ముడి కింద వేలు పెట్టి కిందికి రాయండి, ఆ గరుకు మీకే తగులుతుంది. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గాలెన్ ధమనుల్లో ఉన్నది రక్తమేనని చూపించాడు. సిద్ధాంతం పోయినా పేరు పోలేదు, రెండుగా చీలింది. ‘గొట్టం’ అన్న మాట రక్తనాళాలకు దక్కి ఆర్టరీ అయింది. ‘గరుకు’ అన్న విశేషణం ఒంటరిగా గాలి గొట్టం దగ్గరే మిగిలి ట్రేకియా అయింది. ప్రపంచంలోని వైద్య విద్యార్థులందరూ ఇవాళ ఆ గొట్టాన్ని పిలిచే పేరుకు అర్థం ‘గరుకుది’ అనే.

తాగిన నీళ్లలో కొంత ఊపిరితిత్తుల్లోకి పోయి గుండెను చల్లబరుస్తుందని ప్లేటో ‘టిమాయస్’లో రాశాడు. మనవాళ్లు ఈ విషయంలో ఆచరణలో తేలినవాళ్లు. నీళ్లు దారి తప్పితే ‘పొలమారింది’ అంటారు, నెత్తి మీద తడతారు, ఎవరో తలుచుకుంటున్నారంటారు. తలుచుకోవడం సంగతి ఎలా ఉన్నా, నీటికీ గాలికీ దారులు వేరని, ఒకటి రెండోదానిలోకి పోకూడదని ఆ ఒక్క క్రియాపదంలోనే ఉంది.

సుశ్రుత సంహితలో గుండెకు దిగువన ఎడమవైపు ప్లీహం, ఫుప్ఫుసం ఉంటాయని, కుడివైపు యకృత్తు, క్లోమం ఉంటాయని ఉంది. ఫుప్ఫుసం ఊపిరితిత్తి అయితే అది ఎడమవైపే ఎందుకుంది, కుడివైపున్న క్లోమం ఏమిటి అన్నది తరాల తరబడి వాదం. క్లోమం కుడి ఊపిరితిత్తి అన్నవాళ్లున్నారు, గాలి గొట్టం అన్నవాళ్లున్నారు, ఇంకేదో గ్రంథి అన్నవాళ్లూ ఉన్నారు. తెలుగు పాఠ్యపుస్తకాలు ఆ మాటను ఇన్సులిన్ పుట్టే గ్రంథికి ఖాయం చేశాయి. ఫుప్ఫుసం ‘పుపుస ధమని’, ‘పుపుస సిర’ అన్న సమాసాల్లో బతికింది. అవయవానికి మాత్రం జనం కొలిమి తిత్తినే ఉంచుకున్నారు.

ఇక ఆ చెట్టులోకి దిగుదాం. మొదలు వాయునాళం. పెద్దవాళ్లలో 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు. దాన్ని తెరిచి ఉంచేవి 16 నుంచి 20 దాకా ఉండే మృదులాస్థి కట్లు. అవి పూర్తి వలయాలు కావు, వెనకవైపు తెరిచి ఉన్న గుర్రపు నాడాలు. ఆ తెరిచిన చోట కండరం, దాని వెనకే అన్నవాహిక. వాయునాళం అడుగున, రెండుగా చీలే చోట, పడవ అడుగున వెన్నులా సాగే పట్టెలాంటి గట్టు ఒకటి ఉంది. దానికి లాటిన్‌లో పడవ వెన్నుపట్టె పేరే పెట్టారు: కెరీనా. లోపలికి కెమెరా గొట్టం దించే వైద్యుడికి అదే మొదటి మైలురాయి. దాన్ని తాకితే దగ్గు తన్నుకొస్తుంది.

అక్కడినుంచి కుడి కొమ్మ, ఎడమ కొమ్మ సమానం కావు. కుడిది పొట్టి, సుమారు రెండున్నర సెంటీమీటర్లు. వెడల్పు ఎక్కువ, దాదాపు నిటారుగా దిగుతుంది. ఎడమది సుమారు ఐదు సెంటీమీటర్లు, సన్నం. బృహద్ధమని వంపు కింద దూరి, గుండెను తప్పించుకుని, పక్కకు వాలుతూ వెళ్లాలి. నోట్లో వేరుశెనగ గింజ పెట్టుకుని నవ్విన పిల్లవాడికి అది లోపలికి జారితే కుడివైపు పడే అవకాశమే ఎక్కువ. మరీ చిన్నపిల్లల్లో రెండు కొమ్మల వాలులో తేడా అంత ఉండదు, ఎడమకూ పోవచ్చు. ఐదేళ్లలోపు పిల్లల చేతికి పల్లీలు, సీతాఫలం గింజలు, చింతగింజలు ఇవ్వకూడదని వైద్యులు మొత్తుకునేది ఇందుకే. గింజ జారిన కాసేపటికి దగ్గు ఆగిపోవచ్చు. ఇంట్లోవాళ్లు పోయిందనుకుంటారు. వారాల తరబడి తగ్గని నెమ్ముగా అది మళ్లీ బయటపడుతుంది.

కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు. ఈ తమ్మె అన్న మాట నాకు చాలా ఇష్టం. గ్రీకులో ‘లోబోస్’ అంటే చెవి తమ్మె. మన శాస్త్ర రచయితలూ చెవి దగ్గరినుంచే మాట తెచ్చుకున్నారు. ఎడమవైపు మధ్య తమ్మె లేదు కానీ, దానికి జోడీగా పైతమ్మె కొస గుండె మీదికి నాలుకలా సాగి ఉంటుంది. దాని పేరు లింగ్యులా, అంటే చిన్న నాలుకే. తమ్మెకు ఒక కొమ్మ. ఆ కొమ్మలు మళ్లీ చీలి, ఒక్కో తమ్మెలోని ఒక్కో ఖండానికి పోతాయి. కుడివైపు పది ఖండాలు. ఎడమవైపు లెక్కించే తీరును బట్టి ఎనిమిది, తొమ్మిది లేదా పది. అసలు గొడవంతా ఈ ఖండాల దగ్గరే జరిగింది. కాబట్టి కాసేపు ఇక్కడే ఆగాలి.

19వ శతాబ్దం చివరిదాకా ఖండాలకు పేర్లు లేవు. అవసరం లేదు, అక్కడికి ఎవరూ పోలేరు. 1880లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో క్రిస్టోఫ్ ఏబీ మనిషినీ ఇతర క్షీరదాలనూ పోల్చి శ్వాసవృక్షం మీద పుస్తకం రాశాడు. ఆయనకు కనిపించినది ఒక నడిమి కాండం, దానికి పక్క కొమ్మలు, అంటే తాడిలా కాకపోయినా దేవదారులాంటి చెట్టు. పుపుస ధమని ఆ కాండాన్ని దాటే చోటుకు పైన ఒక్క కొమ్మ, మిగిలినవన్నీ కింద అని విభజించాడు. 1889లో లండన్‌లో విలియం ఎవార్ట్ దాన్ని ఒప్పుకోలేదు. కాండమంటూ ఏదీ లేదు, ప్రతి చోటా ఒకటి రెండుగా చీలడమే ఉందన్నాడు. ఊపిరితిత్తిని శ్వాస జిల్లాలుగా పంచి, వాటి గొట్టాలకు పేర్లు ప్రతిపాదించాడు. ఏబీ జంతుశాస్త్రవేత్తలా ఆలోచించాడు, ఎవార్ట్ రోగిని చూసే వైద్యుడిలా ఆలోచించాడు. గెలిచింది ఎవార్ట్ పద్ధతే, కానీ యాభై ఏళ్లు ఆలస్యంగా.

ఆ యాభై ఏళ్లలో దారి తెరుచుకుంది. 1897లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్టావ్ కిలియన్ ఒక రైతు కుడి శ్వాసనాళంలో ఇరుక్కున్న ఎముక ముక్కను నోటి గుండా గట్టి గొట్టం దించి బయటికి తీశాడు. బతికున్న మనిషి ఊపిరి కొమ్మల్లోకి చూపు పోవడం అప్పటినుంచే మొదలు. అమెరికాలో షెవాలియర్ జాక్సన్ ఆ విద్యను ఎంత దూరం తీసుకెళ్లాడంటే, జనం గొంతుల నుంచి, గాలి గొట్టాల నుంచి, అన్నవాహికల నుంచి తీసిన రెండువేలకు పైగా వస్తువులను దాచిపెట్టాడు: పిన్నీసులు, గుండీలు, నాణేలు, బొమ్మలు. అవి ఇప్పటికీ ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల్లో ఉన్నాయి.

రెండో అవసరం చీము. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఊపిరితిత్తిలో చీముగడ్డ అంటే ప్రాణగండం. అది ఏ కొమ్మ చివర ఉందో తెలిస్తే రోగిని ఆ కొమ్మ నోరు కిందికి వచ్చేలా పడుకోబెట్టి చీమును వంచవచ్చు, లేదా సరైన చోట కోసి తీయవచ్చు. 1932లో న్యూయార్క్‌లో క్రామర్, గ్లాస్ అనే ఇద్దరు వైద్యులు గడ్డ చోటు గుర్తించే పనిలోనే ‘శ్వాసనాళ ఖండం’ అన్న భావనకు పేరిచ్చారు. ఒక్కో ఖండానికి తనదైన గొట్టం, తనదైన ధమని కొమ్మ ఉంటాయి; అంటే ఊపిరితిత్తి ఒక ముద్ద కాదు, చిన్న చిన్న ఊపిరితిత్తుల కూటమి. లండన్ గైస్ ఆసుపత్రిలో రసెల్ బ్రాక్ ఇంకో ప్రశ్న అడిగాడు. గడ్డలు ఎప్పుడూ కొన్ని ఖండాల్లోనే ఎందుకొస్తాయి? జవాబు పడకలో దొరికింది. మత్తులోనో స్పృహ తప్పో పడుకున్న మనిషి నోటిలోని స్రావం గొట్టంలోకి జారినప్పుడు, వెల్లకిలా ఉంటే వెనకవైపు ఏ కొమ్మ నోరు ముందు తగులుతుందో దానిలోకి, పక్కకు తిరిగి ఉంటే పైతమ్మె వెనక ఖండంలోకి పోతుంది. 1946లో ఆయన రాసిన శ్వాసవృక్ష నిర్మాణ గ్రంథం ఇప్పుడు తెరిచినా కొత్తగానే ఉంటుంది. కొమ్మ ఎటు చూస్తుందో ఆయనకు పటం కాదు, రోగనిర్ణయం.

కానీ అప్పటికి పేర్లు గందరగోళంలో పడ్డాయి. ఒకే కొమ్మను అమెరికాలో ఒకలా, బ్రిటన్‌లో ఒకలా పిలిచేవారు. పైతమ్మె ముందు ఖండాన్ని షెవాలియర్ ఎల్. జాక్సన్ (పైన చెప్పిన జాక్సన్ కొడుకు), హ్యూబర్ 1943లో ‘ముందరిది’ అన్నారు. బ్రాక్ ‘రొమ్ముది’ అన్నాడు. వెనకదాన్ని వాళ్లు ‘వెనకది’ అంటే ఆయన ‘శిఖరం కిందిది’ అన్నాడు. కిందితమ్మె తలభాగాన్ని వాళ్లు ‘పైది’ అంటే ఆయన ‘శిఖరం’ అన్నాడు. పైతమ్మెకు ఎలాగూ శిఖరం ఉంది కాబట్టి ఒకే ఊపిరితిత్తిలో రెండు శిఖరాలయ్యాయి. ఆ కిందితమ్మె శిఖరానికే కొందరు నెల్సన్ కొమ్మ అన్నారు, రోగిని వంచి చీము తీసే పద్ధతిపై రాసిన వైద్యుడి పేరుమీద. ఒకచోట తీసిన రిపోర్టును ఇంకోచోట శస్త్రవైద్యుడు చదివితే ఏమవుతుందో ఊహించవచ్చు. కొయ్యవలసిన ముక్క వేరు, కోసే ముక్క వేరు.

1949లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ చెవి, ముక్కు, గొంతు వైద్యుల సమావేశం సందర్భంగా వివిధ దేశాల ప్రతినిధులు కూర్చుని ఒక ఉమ్మడి జాబితా కుదిర్చారు. 1950లో ‘థొరాక్స్’ పత్రికలో అది వెలువడింది. మనిషి పేర్లు పోయాయి, చోటును చెప్పే మాటలు నిలిచాయి: శిఖరం, వెనక, ముందు, పక్క, లోపలి పక్క, అడుగు. జాక్సన్, హ్యూబర్ మాటలే ఎక్కువగా నెగ్గాయి. నా దృష్టిలో అది న్యాయమైన తీర్పు. ‘వెనకది’ అన్న పేరును గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పేరే చోటు చెబుతుంది. నెల్సన్ ఎవరో తెలియకపోతే నెల్సన్ కొమ్మ ఎక్కడుందో తెలియదు.

పేర్లతో పాటు అంకెలూ వచ్చాయి. బ్రాంకస్‌కు, అంటే శ్వాసనాళానికి, గుర్తుగా ‘బి’ అక్షరం, దాని పక్కన 1 నుంచి 10 దాకా అంకె. ఎడ్వర్డ్ బాయిడెన్ 1955లో రాసిన గ్రంథం ఈ పద్ధతికి పునాది బలపరిచింది. 1998 నాటి అంతర్జాతీయ శరీరనిర్మాణ పదావళిలోనూ ప్రతి ఖండం పక్కనా రోమన్ అంకె ఉంది. కుడివైపు లెక్క సాఫీగా నడుస్తుంది. పైతమ్మెలో ఒకటి నుంచి మూడు, మధ్య తమ్మెలో నాలుగు, ఐదు, కిందితమ్మెలో ఆరు నుంచి పది. ఎడమవైపే తడబాటు. అక్కడ శిఖరం, వెనక ఖండాలు సాధారణంగా ఒకే కాడ మీద వస్తాయి కాబట్టి వాటిని కలిపి ‘1+2’ అని రాస్తారు. గుండె చోటు ఆక్రమించడంతో ఏడో కొమ్మ విడిగా ఉండకపోవడమే ఎక్కువ. కొందరు దాన్ని ‘7+8’ అని రాస్తారు, కొందరు ఏడును వదిలేసి ఆరు తర్వాత ఎనిమిది అంటారు. పైతమ్మెలో రెండు అంటే వెనకదా, ముందుదా అన్న విషయంలోనూ అన్ని బడులూ ఒక్క మాట మీద లేవు. కాబట్టి రిపోర్టులో అంకె ఒక్కటే రాసి వదలకూడదు. అంకెతో పాటు పేరూ ఉండాలి.

జపాన్‌లో షిగెతో ఇకెడా 1960ల మధ్యలో వంగే గొట్టాన్ని తయారు చేయించాడు. గట్టి గొట్టం పెద్ద కొమ్మల దగ్గరే ఆగిపోయేది. ఇది ఖండం లోపలికి, ఉపఖండం లోపలికి తిరిగింది. కొత్త దారులు కనిపించాయి, వాటికి ‘ఎ’, ‘బి’, ‘సి’ అన్న తోకలు తగిలించారు. ఇది అతి అనిపించవచ్చు. కానీ 2022లో జపాన్ వైద్యులు 1,106 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. రెండు సెంటీమీటర్లకు మించని, అంచున ఉన్న తొలిదశ క్యాన్సర్‌కు తమ్మె మొత్తం తీసేయడం కంటే ఆ ఖండం మాత్రం తీసినవాళ్లలో ఐదేళ్ల తర్వాత బతికున్నవారి శాతం కాస్త ఎక్కువగానే తేలింది. ఖండం ఒక్కటే తీయాలంటే దాని కొమ్మ ఏదో, పక్కదాని కొమ్మ ఏదో పొరపాటు లేకుండా తెలియాలి. ఒకప్పుడు చీము కోసం పుట్టిన పేర్లు ఇప్పుడు క్యాన్సర్ కోసం మళ్లీ పదునెక్కుతున్నాయి.

ఖండాలు దాటాక పేర్లు అయిపోతాయి, లెక్క మొదలవుతుంది. కొమ్మ సన్నబడేకొద్దీ గోడలోని మృదులాస్థి ముక్కలు ముక్కలై, వ్యాసం సుమారు ఒక మిల్లీమీటరుకు దిగేసరికి పూర్తిగా మాయమవుతుంది. అక్కడినుంచి దాన్ని శ్వాసనాళం అనరు, శ్వాసనాళిక అంటారు. ఇది పరిమాణం తేడా ఒక్కటే కాదు. దన్ను లేని గొట్టం కండరం బిగిస్తే మూసుకుపోతుంది. ఉబ్బసంలో వినిపించే పిల్లికూతలు అలా బిగిసి సన్నబడిన గొట్టాల్లో గాలి చేసే చప్పుడే. నాళికల్లో చివరిది అంత్య శ్వాసనాళిక, అర మిల్లీమీటరు పైచిలుకు. దాని తర్వాత గోడల్లో వాయుగోణులు, అంటే చిన్న గాలి అరలు, తెరుచుకుంటాయి. 1661లో ఇటలీలోని బొలోన్యాలో మార్చెల్లో మాల్పిగీ సూక్ష్మదర్శిని కింద ఊపిరితిత్తి లోపలి గాలి అరలను చూశాడు. కప్ప ఊపిరితిత్తిలోనే ధమనికీ సిరకూ నడుమ ఉన్న సన్నటి రక్తనాళాలనూ చూసి, ఆ సంగతి మిత్రుడు బోరెల్లికి లేఖలుగా రాశాడు. రక్తం తిరుగుతుందని హార్వే చెప్పి అప్పటికి 33 ఏళ్లు. ఆయన చూడలేకపోయిన వంతెనను మాల్పిగీ ఒక కప్పలో చూశాడు.

1963లో ఎవాల్డ్ వైబెల్ ఈ చెట్టును తరాలుగా లెక్క కట్టాడు. వాయునాళం సున్నా తరం. ఒక్కో చీలికకూ ఒక తరం. 16వ తరం దాకా గాలి మోసే గొట్టాలే. 17 నుంచి 19 వరకు అక్కడక్కడ గోణులున్న నాళికలు. 20 నుంచి 22 వరకు గోడలన్నీ గోణులే అయిన దారులు. 23వ తరం గుడ్డి సంచులు. వాయునాళం అడ్డుకోత వైశాల్యం సుమారు రెండున్నర చదరపు సెంటీమీటర్లు. 16వ తరంలో ఒక్కో గొట్టం ఆవగింజ కంటే సన్నం, కానీ అన్నీ కలిపితే సుమారు 180 చదరపు సెంటీమీటర్లు. దారి అంత వెడల్పయ్యాక గాలి వేగం చచ్చిపోతుంది. ఆ చివర అది వీచదు, వ్యాపిస్తుంది. ఇన్‌హేలర్ మందును ఐదు మైక్రాన్ల లోపు తుంపరలుగా చేసేది అంత దూరం చేరాలనే. అంతకంటే పెద్దవి గొంతులోనే గుద్దుకుని ఆగిపోతాయి. గోణులు 30 కోట్లని వైబెల్ కాలంలో లెక్క. 2004లో మెరుగైన పద్ధతితో లెక్కిస్తే సగటున 48 కోట్లు తేలాయి.

వైబెల్ లెక్క గోదావరిని ధవళేశ్వరం నుంచి సముద్రం వైపు లెక్కించడంలాంటిది: పెద్ద పాయతో మొదలుపెట్టి చీలికలు లెక్కపెట్టుకుంటూ పోవడం. 1968లో హార్స్‌ఫీల్డ్, కమింగ్ తలకిందులుగా లెక్కించారు. నదీశాస్త్రజ్ఞులు కొండవాగులకు ఒకటో అంకె ఇచ్చి, అవి కలిసేకొద్దీ అంకె పెంచుకుంటూ పెద్ద నది దాకా వచ్చే తీరు అది. ఎందుకంటే నిజమైన ఊపిరితిత్తిలో కొమ్మలన్నీ సమానంగా చీలవు. ఒక దారిలో ఎనిమిది చీలికలకే గోణులు చేరతాం, ఇంకో దారిలో ఇరవై దాటినా చేరం. పైనుంచి లెక్కిస్తే ఒకే అంకె ఉన్న రెండు గొట్టాల్లో ఒకటి లావు, ఒకటి సన్నం కావచ్చు. కిందినుంచి లెక్కిస్తే ఒకే అంకె ఉన్నవి ఒకే పోలికలో ఉంటాయి. పాఠం చెప్పడానికి వైబెల్, ఊపిరితిత్తిని ఉన్నదున్నట్టు వర్ణించడానికి హార్స్‌ఫీల్డ్ అని నా అభిప్రాయం.

మరో విశేషం. ఒకటి రెండుగా చీలేటప్పుడు పిల్లకొమ్మ వ్యాసం తల్లికొమ్మలో 0.79 వంతు ఉంటే, తక్కువ చోటులో తక్కువ శ్రమతో గాలి నడుస్తుందని భౌతికశాస్త్రం చెబుతుంది. మనిషి ఊపిరితిత్తిలో ఆ నిష్పత్తి అంతకంటే కాస్త ఎక్కువ. 2004లో మోరువా, ఫిలోష్, వైబెల్, సపోవాల్ ‘నేచర్’ పత్రికలో దీనికి కారణం చెప్పారు. 0.79కి సరిగ్గా అమర్చిన చెట్టులో గొట్టాలు ఏ కొంచెం బిగిసినా ఊపిరి తీసుకోవడం విపరీతంగా కష్టమవుతుంది. ఆ కాస్త అదనపు వెడల్పు బిగింపును తట్టుకునే వెసులుబాటు.

రెండు మిల్లీమీటర్లలోపు గొట్టాలది ఇంకో కథ. అవి లెక్కలేనన్ని కాబట్టి మొత్తం నిరోధంలో వాటి వాటా చాలా తక్కువ. సగం పాడైనా మామూలు ఊదుడు పరీక్షలో దాదాపు ఏమీ తెలియదు. 1970లో జెర్ మీడ్ ఈ ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలం అన్నాడు. పొగ తాగేవాడికి ఆయాసం మొదలయ్యేసరికి అక్కడ జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. 2011లో జేమ్స్ హాగ్ బృందం చూపించింది మరీ గుబులు పుట్టిస్తుంది. పొగవల్ల వచ్చే దీర్ఘకాలిక శ్వాసవ్యాధి తీవ్రమైన దశలో అంత్య శ్వాసనాళికల్లో చాలా భాగం మూసుకుపోవడమే కాదు, అసలు లేకుండా పోతాయి; గోణులు చితికిపోవడం ఆ తర్వాతి మాట. పోయిన నాళికలు తిరిగి మొలవవు. శ్వాసవృక్షం అంత్య నాళికల దాకా తల్లి కడుపులో పదహారో వారానికే పూర్తవుతుంది. పుట్టాక పెరిగేవి గోణులు, గొట్టాల పొడవూ వెడల్పూ మాత్రమే.

ఆ చెట్టు అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో కుడి పైతమ్మె కొమ్మ కెరీనాకు పైనే, నేరుగా వాయునాళం నుంచే పుడుతుంది. వైద్యులు దాన్ని ‘పంది కొమ్మ’ అంటారు. పందిలో, మేకలో, గొర్రెలో, ఆవులో అదే మామూలు అమరిక. మత్తుమందు ఇచ్చే వైద్యుడు గొట్టం కాస్త లోతుగా దించితే ఈ కొమ్మ మూసుకుపోయి పైతమ్మె ముడుచుకుపోవచ్చు. అమెరికాలో మూడువేల మందికి పైగా మనుషుల సీటీ స్కాన్లు పరిశీలించి 2018లో ప్రకటించిన అధ్యయనంలో సుమారు నాలుగో వంతు మందిలో పెద్ద కొమ్మల అమరిక పుస్తకంలోలా లేదు. కొందరిలో కిందితమ్మెలో అదనపు కొమ్మ, కొందరిలో కుడి ఏడో కొమ్మే లేదు. ఆ రెండు రకాల మనుషుల్లోనూ దీర్ఘకాలిక శ్వాసవ్యాధి ఎక్కువగా కనిపించింది. నలుగురిలో ఒకరు వేరుగా ఉంటే దాన్ని లోపం అనడం తగదు. పుస్తకాల్లోని బొమ్మ సగటు మనిషిది, మన ముందున్న మనిషిది కాదు.

పేర్లలో ఒకటి మాత్రం వేరే కారణంతో పోయింది. నాళికల గోడలో గుండ్రటి తలతో గదలా నిలిచే కణాలను 1937లో మాక్స్ క్లారా వర్ణించాడు. డెబ్బై ఏళ్లకు పైగా అవి ఆయన పేరుతోనే ఉన్నాయి. ఆయన నాజీ పార్టీ సభ్యుడు. ఆ పరిశోధనకు వాడిన కణజాలం మరణశిక్ష పడిన ఖైదీలది. శ్వాసవైద్య పత్రికలు ఈ విషయాన్ని పరిశీలించి 2013 నుంచి ఆ పేరు మాన్పించడం మొదలుపెట్టాయి. ఇప్పుడవి వాటి రూపాన్ని బట్టి ‘క్లబ్’ కణాలు. తెలుగులో గదాకణాలు అనవచ్చు. పాత పుస్తకాలతో చదివిన వైద్యులకు ఇబ్బందే అయినా, ఇది చేయవలసిన పని.

చివరిగా మన సంగతి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో వాయునాళం, శ్వాసనాళం, శ్వాసనాళిక, వాయుగోణి అని మంచి వరుస ఒకటి ఉంది. మొదటిది మెడలోది, రెండోది మృదులాస్థి ఉన్న కొమ్మ, మూడోది లేనిది. ‘నాళం’, ‘నాళిక’ల మధ్య తేడాను తెలుగు ఒక్క ప్రత్యయంతో సాధించింది. కానీ పత్రికల్లో, ఆసుపత్రి కరపత్రాల్లో ఈ వరుస నిలవదు. మెడలోని గొట్టాన్నీ శ్వాసనాళమే అంటారు, కొమ్మనూ శ్వాసనాళమే అంటారు, ఉబ్బసంలో బిగిసే నాళికనూ అదే అంటారు. బొద్దింక పాఠంలో వాయునాళమంటే వేరే అర్థం కూడా ఉంది. ఖండాలకైతే పేర్లే లేవు. ముందు, వెనక, పక్క, అడుగు, శిఖరం అన్నవి మనకు లేని మాటలా? ‘కుడి పైతమ్మె వెనక ఖండం, బి-2’ అంటే చదువుకున్న ఏ రోగికైనా అర్థమవుతుంది. క్షయ మచ్చ ఎక్కువగా అక్కడే ఎందుకుంటుందో, కఫం వదలడానికి తనను ఎటు తిప్పి పడుకోబెడుతున్నారో కూడా అర్థమవుతుంది.

పాఠ్యపుస్తకాలు రాసేవారికీ, తెలుగులో ఆరోగ్య వ్యాసాలు రాసే వైద్యులకూ నా మనవి ఒక్కటే. వాయునాళం, శ్వాసనాళం, శ్వాసనాళిక అన్న మూడు మాటలను వాటి వాటి చోట్లకే కట్టడి చేయండి, పది ఖండాలకూ తెలుగు పేర్లు ఖాయం చేసి అంకెతో కలిపి రాయండి. స్కాన్ రిపోర్టు అందుకున్న మనిషికి తన ఊపిరి ఎక్కడ ఆగిందో తన భాషలో ఒక వాక్యం రాసి ఇవ్వండి.